సిక్కా రాయిజుల్ వఖ్త్: చెల్లకుండా పోయిన పెద్ద నోట్ల దాస్తాన్

మీ ఇంట్లో దాదీమాదో నానీమాదో పాత నికానామా ఉంటే ఒకసారి బయటికి తీసి మెహర్ రాసిన వరుస చూడండి. రఖమ్ అంకెల్లో ఉంటుంది, అక్షరాల్లో ఉంటుంది. చాలా వాటిలో దాని పక్కనే ఇంకో మాట కూడా ఉంటుంది: "సిక్కా రాయిజుల్ వఖ్త్". ఆ సమయానికి చలామణిలో ఉన్న సిక్కా అని అర్థం. ఖాజీ సాబ్‌లు దాన్ని ఆనవాయితీగా రాస్తారు, మహఫిల్‌లో కూర్చున్నవాళ్ళు ఆనవాయితీగా వింటారు. ఇవాళ నడిచే సిక్కా రేపు నడవకపోవచ్చని మన బుజుర్గులకు బాగా తెలుసు కాబట్టే ఆ మాట అక్కడికి వచ్చి చేరింది.

మన దేశంలో పెద్ద నోట్లను సర్కారు మూడుసార్లు రద్దు చేసింది. 1946లో ఒకసారి, 1978లో ఒకసారి, 2016లో ఒకసారి. 2023లో రెండు వేల నోటును వెనక్కి తీసుకున్నారు గానీ దాని కథ కొంచెం వేరు. ఈ మూడింటినీ ఒకే తాడు మీద గుడ్డల్లా ఆరేసి మాట్లాడటం అందరికీ అలవాటైపోయింది. "అప్పుడూ చేశారు, ఇప్పుడూ చేశారు" అంటారు. హుకుం ఒకలాంటిదే, నిజమే. ఆ హుకుం ఎవరి ఇంటి తలుపు తట్టిందన్నది మాత్రం మూడుసార్లూ ఒకటి కాదు. నేను రాయాలనుకున్నది దాని గురించే. దానికి ముందు మన హైదరాబాద్ సంగతి కొంత చెప్పాలి, ఎందుకంటే నోటు పోవడం అంటే ఏమిటో తెలంగాణ వాళ్ళు ఢిల్లీ కంటే వేరే రకంగా చూశారు.

నిజాం రాజ్యంలో వాడుకలో ఉన్న డబ్బును జనం "హాలి" అనేవాళ్ళు, అంటే "ఇప్పటిది". బ్రిటిష్ వాళ్ళ రూపాయి "కల్దార్", కల్ అంటే యంత్రం, యంత్రం మీద కొట్టిన రూపాయి. హాలి సిక్కా కూడా తర్వాత యంత్రం మీదే తయారైంది గానీ పేరు మాత్రం పరాయి రూపాయికే ఉండిపోయింది. ఊళ్ళల్లో ముసలివాళ్ళు నిన్న మొన్నటి దాకా "హాలి పైస", "కల్దారు రూపాయి" అంటూ లెక్కలు చెప్పేవాళ్ళు. "ఇప్పటిది" అనే పేరున్న డబ్బు డెబ్బై ఏళ్ళ కింద పోయింది, పేరు మాత్రం ఇంకా నాలుక మీద ఉంది.

హైదరాబాద్‌కు కాగితం నోట్లు అంత సులువుగా రాలేదు. సంస్థానాలు సొంత నోట్లు వేసుకోవడం అంగ్రేజ్ సర్కారుకు ఇష్టం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కటకట వచ్చింది. ఆ యుద్ధానికి నిజాం ఇచ్చిన డబ్బు, మనుషుల సాయం కూడా తక్కువేమీ కాదు. ఆ రెండూ కలిసొచ్చి 1918లో ఇజాజత్ దొరికింది. ముందు పది, వంద రూపాయల నోట్లు వచ్చాయి. 1919లో ఒకటి, ఐదు రూపాయలవి వచ్చాయి. 1926లో వెయ్యి రూపాయల నోటు వేశారు. ఇంగ్లండ్‌లో వాటర్లో అండ్ సన్స్ కంపెనీ తొలి నోట్లు అచ్చేసింది, నాసిక్‌లో ప్రెస్ పెట్టాక పని అక్కడికి మారింది. ఆ నోట్ల మీద ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలు కూడా ఉండేవి. ఉర్దూ రానివాడు కూడా తన చేతిలో ఎంత ఉందో చదువుకోగలిగేవాడు. 1941లో ఏర్పాటు చేసిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకుకు ఈ ఉస్మానియా సిక్కా బాధ్యత అప్పగించారు. తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అని మనందరికీ తెలిసిన బ్యాంకు అదే. అదీ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది.

హాలి వెయ్యి నోటు ఎవరి చేతిలో ఉండేది? జాగీర్దారు దగ్గర, పెద్ద సాహుకారు దగ్గర, ఖజానాలో. బండి తోలుకునేవాడు తన జిందగీలో దాన్ని చూసి ఉండడు. ఇవాళ పాత నోట్లు సేకరించేవాళ్ళకు కూడా అది దొరకడం కష్టం.

1947 చివర్లో నిజాం సర్కారు ఒక ఆర్డినెన్స్ తెచ్చి, భారత రూపాయి మా రాజ్యంలో చెల్లదు అంది. ఢిల్లీతో తగాదా ముదరడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఏడాది తిరక్కుండానే 1948 సెప్టెంబర్ వచ్చింది, హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలిసింది, ఇక చెల్లకుండా పోవాల్సిన వంతు హాలి సిక్కాదైంది. అయితే అది ఒక్క రాత్రిలో జరగలేదు. 1950ల్లో రెండు రూపాయలూ కొంతకాలం పక్కపక్కనే నడిచాయి. ఏడు హాలి రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. కచేరీ కాగితాల్లో వంద కల్దారుకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలి అని రాసేవాళ్ళు. కిరాణా దుకాణాల్లో, తహసీలు ఆఫీసుల్లో, కోర్టుల్లో అందరూ ఏడూ ఆరూ లెక్క నేర్చుకున్నారు. ఏడు వేల హాలి మెహర్ రాసుకున్న బీబీకి ఆరు వేల కల్దారు వస్తుంది. అంకె తగ్గినట్టు కనిపిస్తుంది గానీ విలువలో నష్టం లేదు. రాజ్యమే పోయినా సిక్కాకు మాత్రం టైమ్ ఇచ్చారు, రేటు ముందే చెప్పారు. ఆ రోజుల్లో మన ఖాందానులు పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి, వాటి లిస్టులో ఈ నోట్ల మార్పిడిని మాత్రం నేను రాయను.

ఇక బ్రిటిష్ ఇండియా సంగతి. 1861లో పేపర్ కరెన్సీ చట్టం వచ్చాక సర్కారే నోట్లు వేయడం మొదలుపెట్టింది. అప్పట్లో దేశాన్ని సర్కిళ్ళుగా విడగొట్టారు. మద్రాసు సర్కిల్ నోటు బొంబాయిలో కచ్చితంగా తీసుకోవాలన్న రూలు లేదు. పెద్ద నోటంటే వ్యాపారుల మధ్య దూరాలు దాటే హుండీ లాంటిది. దొంగల భయానికి ఒక తరీఖా కూడా ఉండేది. నోటును మధ్యకు కోసి ఒక సగం టపాలో పంపేవాళ్ళు, అది చేరిందని కబురు వచ్చాక రెండో సగం పంపేవాళ్ళు. అవతల రెండు ముక్కలూ అతికించుకుని వాడుకునేవాళ్ళు. రేపు నా దగ్గర ఎవరైనా సగం నోటు పెట్టి సరుకివ్వమంటే ఏం చేస్తానో అని అనుకుంటే నవ్వొస్తుంది.

రిజర్వ్ బ్యాంకు 1938లో పదివేల రూపాయల నోటు వేసింది. ఇప్పటిదాకా ఆ బ్యాంకు వేసిన వాటిలో అంతకంటే పెద్దది లేదు. అప్పుడు తులం బంగారం నలభై రూపాయల లోపే. అంటే ఆ ఒక్క కాగితంతో రెండు వందల యాభై తులాలకు పైగా బంగారం కొనొచ్చు. వెయ్యి నోటైతే పాతిక తులాలు.

రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీ కాంట్రాక్టులు, ధాన్యం బ్లాకు, గుడ్డల బ్లాకు, ఇవన్నీ కలిసి కొందరి దగ్గర లెక్కలేని దౌలత్ పోగుపడింది. బెంగాల్ కరువులో లక్షల మంది ఆకలితో చనిపోయారు, అదే కాలంలో బియ్యం దాచినవాళ్ళు లక్షాధికారులయ్యారు. ఆ డబ్బు బయటికి లాగుతాం అంటూ 1946 జనవరి 12న వైస్రాయ్ వేవెల్ సర్కారు రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. మొదటిది బ్యాంకులకు: మీ దగ్గర వంద, అంతకు మించిన నోట్లు ఎన్ని ఉన్నాయో ఆ రోజు మధ్యాహ్నం మూడింటికల్లా చెప్పండి అని. రెండోది అందరికీ: ఐదు వందలు, వెయ్యి, పదివేల నోట్లు ఆ రోజు దాటితే చెల్లవు అని. ఆ రోజు బ్యాంకులకు సెలవు ఇచ్చారు. మార్చుకోవాలంటే డబ్బు ఎక్కడిదో ఫారంలో రాసివ్వాలి. గడువు ముందు పది రోజులే ఇచ్చారు, తర్వాత పొడిగించుకుంటూ పోయారు. ఇది బ్రిటిష్ ఇండియా నోట్ల సంగతి. ఉస్మానియా సిక్కాకు ఖజానా వేరు, కానూన్ వేరు.

అప్పుడు రిజర్వ్ బ్యాంకు గవర్నర్ సి.డి. దేశ్‌ముఖ్. దీని మీద ఆయనకు పెద్ద నమ్మకం లేదు. నతీజా ఏమిటంటే, రద్దయిన నోట్ల విలువ 143.97 కోట్లు. 1947 ఆఖరుకల్లా అందులో 134.9 కోట్లు బ్యాంకులకు తిరిగొచ్చేశాయి. రానివి 9.07 కోట్లు. బ్లాకు సేఠ్‌లు ఏం చేశారు? కమిషన్ ఇచ్చి వేరేవాళ్ళ పేర్ల మీద మార్పించుకున్నారు. వెయ్యి నోటు బజారులో తక్కువ రేటుకు చేతులు మారింది, మధ్యవాళ్ళు కూడా సంపాదించుకున్నారు. రద్దు అన్నారు గానీ జరిగింది మార్పిడే, ఒక్కొక్కరికి ఒక్కో రేటుకు. రిజర్వ్ బ్యాంకు సొంత చరిత్ర పుస్తకం చెప్పేది కూడా దాదాపు ఇదే.

ఆ నోట్ల విలువ మొత్తం చలామణిలో పదో వంతుకు కాస్త ఎక్కువ. కూలీ మనిషికీ దానికీ సంబంధం లేదు.

తమాషా ఏమిటంటే ఎనిమిదేళ్ళు తిరిగేసరికి, 1954లో, సర్కారే పెద్ద నోట్లను మళ్ళీ తెచ్చింది. వెయ్యి నోటు మీద తంజావూరు బృహదీశ్వరాలయం, ఐదు వేల నోటు మీద గేట్‌వే ఆఫ్ ఇండియా, పదివేల దాని మీద అశోకుడి సింహాలు. ఇవి ఇరవై నాలుగేళ్ళు నడిచాయి.

1978 జనవరి నాటికి కేంద్రంలో మొరార్జీ దేశాయ్ జనతా సర్కారు ఉంది. జనవరి 14న బొంబాయిలో ఉన్న ఆర్. జానకిరామన్ అనే రిజర్వ్ బ్యాంకు అధికారికి, ఎక్స్‌చేంజ్ కంట్రోల్ పని ఉంది, ఢిల్లీ రండి అని ఫోన్ వచ్చింది. వెళ్ళాక అసలు పని చెప్పారు: పెద్ద నోట్ల రద్దుకు ఆర్డినెన్స్ రాయాలి, ఒక్క రోజే టైమ్. 1946 నాటి ఆర్డినెన్స్‌ను నమూనాగా తెప్పించుకుని ముసాయిదా తయారు చేశారు. పదహారో తేదీ పొద్దున్నే దస్తఖత్ కోసం రాష్ట్రపతి దగ్గరికి పంపారు. ఆ రాష్ట్రపతి మన అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి గారు. తొమ్మిది గంటల రేడియో వార్తల్లో దేశానికి తెలిసింది. మర్నాడు బ్యాంకులు మూత. మార్చుకోవడానికి 19వ తేదీ దాకా గడువు, ఆలస్యానికి సరైన కారణం చెప్పగలిగితే 24 దాకా.

అప్పటి గవర్నర్ ఐ.జి. పటేల్‌కు కూడా ఇది నచ్చలేదు. నల్లధనం ఉన్నవాళ్ళు దాన్ని సూట్‌కేసుల్లో, దిండ్లలో నోట్ల రూపంలో దాచుకుంటారనుకోవడం అమాయకత్వం అన్నట్టుగా తర్వాత తన పుస్తకంలో రాసుకున్నారు. ఆ డబ్బు భూముల్లో, బంగారంలో, వ్యాపారాల్లో తిరుగుతుంటుంది, నోటులో ఉండేది ఏ కొంచెమో. ఆ ఏడాది తులం బంగారం ఏడు వందల దరిదాపుల్లో ఉండేది, అంటే వెయ్యి నోటుకు ఇంకా తులం పైనే వచ్చేది. రద్దయిన నోట్లు మొత్తం చలామణిలో రెండు శాతం కూడా లేవు. మన ఇళ్ళల్లో పెద్దలను అడగండి, 1978 నోట్ల రద్దు గుర్తుందా అని. చాలామందికి ఎమర్జెన్సీ గుర్తుంటుంది, 1977 దివిసీమ తుఫాను గుర్తుంటుంది, ఇది గుర్తుండదు. వాళ్ళ జేబుల్లో ఆ నోటు లేదు కాబట్టి!

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. నోటు అంటే అసలు ఏమిటన్న సవాల్ మన ఉలెమాను కూడా చాలాకాలం ఆలోచింపజేసింది. దేవ్‌బంద్ ఉలెమాలో చాలామంది మొదట్లో నోటును సనద్‌గా, అంటే సర్కారు మనకు బాకీ ఉందని చెప్పే రసీదుగా చూశారు. అలా చూస్తే జకాత్ కింద నోటిచ్చినంత మాత్రాన జకాత్ అదా అయిపోదు, గరీబు దాన్ని వాడుకున్నప్పుడో నాణెంగా మార్చుకున్నప్పుడో అవుతుంది. మౌలానా అహ్మద్ రజా ఖాన్ హిజ్రీ 1324లో మక్కాలో ఉండగా ఈ విషయం మీదే అరబీలో ఒక కితాబ్ రాశారు. నోటు రసీదు కాదు, జనం విలువ ఒప్పుకున్నందువల్ల స్వయంగా మాల్ అన్నది ఆయన వాదన. 1980లు వచ్చేసరికి మక్కాలోని ఫిఖ్హ్ అకాడమీ కూడా కాగితం నోటు పూర్తి స్థాయి డబ్బే, జకాత్, సూద్ హుకుంలు దానికీ వర్తిస్తాయని తేల్చింది. ఫత్వా చెప్పడం నా పని కాదు. నాకు ఆసక్తి కలిగించేది వేరే ఉంది. నోటు మీద గవర్నర్ సంతకంతో "అదా చేస్తానని వాదా" ఉంటుంది. రసీదు అనుకుంటే వాదా చేసినవాడే దాన్ని కొట్టేస్తున్నాడు. మాల్ అనుకుంటే నా సందూక్‌లో ఉన్న మాల్ రాత్రికి రాత్రి మట్టి అవుతోంది. ఎలా చూసినా చేతిలో నోటున్న మనిషికి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరో ఒకరి మీద ఉంది.

2016కి వద్దాం. ఐదు వందల నోటు 1987లో, వెయ్యి నోటు 2000లో తిరిగి వచ్చాయి. 2016 నవంబర్‌లో తులం బంగారం ముప్పై వేల దగ్గర ఉంది. 1938లో పాతిక తులాలు కొన్న వెయ్యి నోటు ఇప్పుడు గ్రాములో మూడో వంతు కొంటుంది. పేరుకు పెద్ద నోటు, పనికి ఇంటి సరుకుల నోటు. బురఖాలకు జరీ పని చేసే ఆపా దగ్గర ఉంటుంది, చికెన్ సెంటర్ గల్లాలో ఉంటుంది, ఆటో నడిపే భాయ్ చొక్కా జేబులో ఉంటుంది. నవంబర్ 8 రాత్రి ఐదు వందలు, వెయ్యి చెల్లవన్నారు. దేశంలో ఉన్న నోట్ల విలువలో 86 శాతం, 15.41 లక్షల కోట్లు. 1978లో రెండు శాతం కూడా లేని చోట ఇప్పుడు 86. అదే కానూన్ అని ఎలా అనగలం?

ఆ రోజు సాయంత్రం ఢిల్లీలో రిజర్వ్ బ్యాంకు బోర్డు సమావేశమైంది. ఆ మినిట్స్ సమాచార హక్కు ద్వారా 2019లో బయటికొచ్చాయి. నల్లధనంలో ఎక్కువ భాగం నగదుగా కాదు, బంగారం, స్థలాల రూపంలో ఉంటుంది, కాబట్టి దీనివల్ల పెద్ద ప్రభావం ఉండదు అని బోర్డు సభ్యులు అందులో నమోదు చేసుకున్నారు. అయినా ప్రతిపాదనకు ఒప్పుకున్నారు. ఐ.జి. పటేల్ మాటకూ దీనికీ పెద్ద తేడా లేదు.

ఆ యాభై రోజుల గురించి మీకు నేను చెప్పేదేముంది, మీరూ లైన్లో నిలబడ్డారు. ఒక్క సంగతి మాత్రం రాసి పెట్టాలి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు బియ్యం డబ్బాలో, ఖురాన్ జుజ్‌దాన్ పక్కన అరలో, చీర మడతల్లో దాచుకున్న పైసలు ఆ రోజుల్లో ఒక్కసారిగా బయటపడ్డాయి. మియాకు తెలియకుండా కూతురి షాదీకి దాచినవి, అన్నదమ్ములు ఈదీగా ఇచ్చినవి, మిషన్ కుట్టి మిగిల్చుకున్నవి. అది నల్లధనం కాదు, ఆ ఇల్లాలి ధైర్యం. చాలామందికి సొంత ఖాతా లేదు. నోట్లు మగవాళ్ళ చేతికిచ్చి, వాళ్ళ ఖాతాలో వేయించి, మళ్ళీ అడుక్కోవాల్సి వచ్చింది. కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. ఈ లెక్క ఏ రిపోర్టులోనూ లేదు. షాదీ ఉన్న ఇళ్ళకు సొంత ఖాతాలోంచి రెండున్నర లక్షలు తీసుకోవచ్చన్నారు గానీ, ఖాతా లేని ఏయే మనుషులకు ఆ పైసలు ఇస్తున్నారో జాబితా ఇవ్వమన్నారు. డేగ్ వండే బావర్చీ పేరు, షామియానావాడి పేరు రాసి బ్యాంకులో ఇవ్వాలన్నమాట.

ఆఖరికి రిజర్వ్ బ్యాంకు లెక్క తేల్చింది: 15.31 లక్షల కోట్లు వెనక్కి వచ్చాయి, 99.3 శాతం. రానివి 10,720 కోట్లు. 1946లో 9 కోట్లు రాలేదు, వాటిలో చాలావరకు పెద్దవాళ్ళవే అయి ఉండాలి, ఎందుకంటే చిన్నవాళ్ళ దగ్గర ఆ నోటే లేదు. ఈసారి రానివాటిలో మర్చిపోయిన ముసలమ్మల మూటలు ఎన్నో, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ పర్సుల్లో మిగిలినవి ఎన్నో ఎవరు చెప్పగలరు?

గల్ఫ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. డిసెంబర్ 30తో మామూలు గడువు ముగిసింది. ఆ రోజుల్లో దేశంలో లేనివాళ్ళకు మాత్రం 2017 మార్చి 31 దాకా, ఎన్ఆర్ఐలకు జూన్ 30 దాకా వీలిచ్చారు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ ముందు నోట్లు చూపించి కాగితం తీసుకోవాలి. ఎన్ఆర్ఐలకైతే మనిషికి 25 వేలకు మించకూడదు. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకుకు వెళ్ళాలి, అదీ ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై, నాగపూర్ ఆఫీసుల్లోనే. సౌదీ, దుబాయ్, కువైట్‌కు ఇంతమందిని పంపే మన హైదరాబాద్ ఆ లిస్టులో లేదు! రియాద్‌లో డ్రైవర్‌గా ఉండి మూడేళ్ళకోసారి నెల సెలవు మీద వచ్చే కడప అబ్బాయి, నాలుగు వేల కోసం చెన్నై వెళ్ళి లైన్లో నిలబడాలి. టికెట్టుకూ తిండికీ అయ్యేది లెక్కేసుకుని చాలామంది ఊరుకుని ఉంటారు.

1946, 1978లో ఆర్డినెన్స్ తెచ్చారు, 1978ది పార్లమెంటులో చట్టం కూడా అయింది. 2016లో రిజర్వ్ బ్యాంకు చట్టం 26(2) సెక్షన్ కింద గెజిట్ నోటిఫికేషన్‌తో సరిపెట్టారు. 2023 జనవరి 2న సుప్రీంకోర్టు నలుగురు జడ్జీల మెజారిటీతో అది సరైనదే అంది. జస్టిస్ బి.వి. నాగరత్న ఒక్కరే ఒప్పుకోలేదు. కేంద్రమే మొదలుపెట్టిన ఇంత పెద్ద పని పార్లమెంటు ద్వారా జరగాలి, నోటిఫికేషన్‌తో కాదు అన్నారు. నా వరకు ఆ ఒక్కరి మాటే మనసుకు ఎక్కింది.

పాత సామాన్లు సర్దుతుంటే ఇప్పటికీ కొందరికి ఆ నోట్లు దొరుకుతుంటాయి. 2017లో వచ్చిన చట్టం ప్రకారం మామూలు మనిషి దగ్గర రద్దయిన నోట్లు పదికి మించి ఉండకూడదు, పరిశోధన కోసమో నాణేల సేకరణ కోసమో అయితే పాతిక దాకా. మించితే పదివేలు లేదా ఆ నోట్ల విలువకు ఐదు రెట్లు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది జుర్మానా. కాబట్టి దాదీమా జ్ఞాపకంగా రెండు మూడు ఉంచుకుంటే ఫికర్ లేదు, కట్టలు మాత్రం వద్దు.

రెండు వేల నోటు సంగతి వేరన్నాను కదా. 2023 మే 19న దాన్ని వెనక్కి తీసుకుంటున్నామన్నారు గానీ రద్దు చేయలేదు, కాగితం మీద అది ఇంకా చెల్లే నోటే. అప్పుడు బయట ఉన్నవి 3.56 లక్షల కోట్లు, అందులో 98 శాతం పైనే తిరిగొచ్చాయి. బ్యాంకు బ్రాంచీల్లో తీసుకోవడం ఆ ఏడాది అక్టోబర్‌తో ఆగింది. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు 19 ఇష్యూ ఆఫీసుల్లో జమ చేసుకునే ఇంతెజాం పెట్టారు, పోస్టులో పంపించే వీలు కూడా ఇచ్చారు. ఈసారి లిస్టులో హైదరాబాద్ ఉంది, సైఫాబాద్‌లో.